ఓస్, వాయి, నోరు : ఒక అవయవవాచకమునకు వాచ్యార్థ లక్ష్యార్థములు

1. విషయ నిర్దేశము

లాటిను భాషలో నోటికి 'ఓస్' అని పేరు. తెలుగున ఆ యవయవమునకు నేడు వాడుకలో నున్న మాట 'నోరు'. ప్రాచీన కాలమున 'వాయి' అనియు వ్యవహారము కలదు. ఈ మూడు మాటలును అవయవమును చెప్పుటతో నిలువక ముఖము, మాట, ద్వారము, ఆయుధపు అంచు మొదలగు నర్థములకు ప్రాకినవి. ఒక భాషతో నొకటి పరిచయము లేని జనులు ఒకే విధమైన లక్ష్యార్థమును కల్పించుకొనుట ఎట్లు సంభవించెను? ఆ సామ్యమును జూచి భాషలకు చుట్టరికము కలదని చెప్పవచ్చునా? చెప్పరాదన్నచో ఎప్పుడు చెప్పవచ్చును? ఈ ప్రశ్నలకు కర్నూలు, కడప ప్రాంతముల తెలుగును, అందును బేతంచెర్ల పరిసరములను ఆధారముగా గొని సమాధానము వెదకుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

ఇది కేవలము పండితుల వినోదమునకు సంబంధించిన చర్చ కాదు. అర్థసామ్యము నొక్కదానినే నమ్మి భాషలకు బంధుత్వము గట్టినవారును, ప్రతి పోలికను ఎరువు సొమ్మని త్రోసివేసినవారును మనలో గలరు. పాఠశాలలో సీమ పిల్లవాడు తలుపు అను నర్థమున 'వాకిలి' అని వ్రాసినప్పుడు దానిని దోషమని కొట్టివేయవలెనా, నిలుపవలెనా యను నిర్ణయము కూడ ఈ చర్చపైననే ఆధారపడియున్నది.

2. రెండు మాటలు, ఒకే అక్షరములు

లాటినున దీర్ఘాచ్చుతో పలికిన 'ఓస్' నోరు. దాని షష్ఠీరూపము 'ఓరిస్'. హ్రస్వాచ్చుతో పలికిన 'ఒస్' ఎముక; దాని షష్ఠీరూపము 'ఒస్సిస్'. రోమనుల లిపిలో ఈ రెండును ఒకే తీరుగ వ్రాయబడెడివి. తెలుగు లిపి హ్రస్వదీర్ఘములను వేఱు గుర్తులతో చూపును గనుక మనకీ చిక్కు లేదు.

ఈ రెండు మాటలకును సంస్కృతమున జ్ఞాతిపదములు గలవు. నోరను నర్థము గల ఓస్‌నకు 'ఆస్యము' జ్ఞాతి. ఎముక యను నర్థము గల ఒస్‌నకు 'అస్థి' జ్ఞాతి. లాటిను దీర్ఘమునకు సంస్కృతమున దీర్ఘము, హ్రస్వమునకు హ్రస్వము సరిగా నిలిచియుండుట గమనింపదగినది. తత్సమములుగా ఈ రెండును మన నిఘంటువులలో జేరినవి. తెలుగు విద్యార్థి తానెఱుగకయే లాటిను జంటను దినదినము చదువుచున్నాడు. ఇచ్చట చుట్టరికమును స్థాపించునది అర్థమొక్కటియే కాదు. ధ్వనులు నియతముగా సరిపోవుట. ఈ నియమమును ముందు మఱల స్మరింపవలసియుండును.

నోరును ఎముకయు ఒకచోట గలిసిన నేల బేతంచెర్ల. గుంతకల్లు నంద్యాల రైలుమార్గమున నున్న ఈ యూరు, నాపబండలకు పేరు పొందినది. 2022 వఱకు కర్నూలు జిల్లాలో నుండి, పిమ్మట నంద్యాల జిల్లాలో జేరినది. దీని సమీపమున సున్నపురాతి కొండలలో బిల్లసర్గము గుహలు గలవు. 1844లో న్యూబోల్డు అను సైనికోద్యోగి వీనియందలి ఎముకల నిక్షేపములను గూర్చి ప్రకటించెను. 1884, 1885 సంవత్సరములలో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ ఫుట్ ఇచ్చట త్రవ్వకములు జరిపి, అనేక జంతువుల ఎముకలను వెలికి దీసిరి. వానిని 1886లో లిడెక్కరు వర్ణించెను. అందొక ఖడ్గమృగజాతికి కర్నూలు పేరే పెట్టబడినది. ఫుట్‌లు ఒక గుహకు 'చార్నెల్ హౌస్' అని పేరిడిరి. అనగా ఎముకల ఇల్లు. అనంతరకాలమున ముచ్చట్ల చింతమాను గవిలో ఎం. ఎల్. కె. మూర్తి త్రవ్వకములు జరిపి ప్రాచీన శిలాయుగాంతమునకు జెందిన పనిముట్లను కనుగొనిరి. 'గవి' యనునది గుహకు ఈ సీమవారు వాడు మాట.

గుహకు నోరుండుట, ఆ నోట ఎముకలుండుట రోమనునకు జెప్పినచో 'ఓస్', 'ఒస్' అని దాదాపు ఒకే మాటను రెండుమారులు పలుకవలసివచ్చెడిది. ఈ చిక్కు ఊహామాత్రము కాదు. ఉత్తరాఫ్రికాలో లాటిను మాటలాడు జనులు హ్రస్వదీర్ఘముల భేదమును చెవితో గుర్తింపలేకుండిరని అగస్టీను (354-430) తన బోధనాగ్రంథమున వ్రాసియున్నాడు. బోధకుడు వ్యాకర్తల మెప్పునకై 'ఒస్' అని పలికి శ్రోతలకు సందేహము కలిగించుటకంటె, లోకులాడు 'ఒస్సుమ్' అను రూపమునే వాడుట మేలని ఆయన అభిప్రాయము. తుదకు లోకమే గెలిచినది. ఎముకకు ఒస్సుమ్ నుండి ఇటాలియనున 'ఒస్సో' కలిగినది. నోటికి ఓస్ అను మాట జనవ్యవహారమున నశించి, ఉబ్బిన బుగ్గ యను నర్థము గల 'బుక్కా' దాని స్థానము నాక్రమించినది. ఇటాలియను 'బొక్కా', స్పానిషు 'బోకా', ఫ్రెంచి 'బూష్' అనునవి దాని సంతతి. పురాతనమైన నోటిమాట పోయి మఱియొకటి వచ్చుట తెలుగునను జరిగినది. దానిని క్రింద చూతము.

3. ఓస్ : అర్థవిస్తృతి

మన ఆలంకారికులు లక్షణను రూఢిమూలమనియు, ప్రయోజనమూలమనియు రెండుగా విభజించిరి. కవి ఒక ప్రయోజనము గోరి చేసిన లక్షణ కాలక్రమమున లోకరూఢి యగును. రూఢమైన పిమ్మట అది లక్షణ యని వక్తకు దోచనే దోచదు. ఓస్ అను మాట చరిత్ర ఇట్టిదే.

మొదటి విస్తృతి నోటినుండి ముఖమునకు. అవయవమునుండి అవయవి యగు మొగమంతయు దీనిచే బోధింపబడినది. సంస్కృతమున 'ముఖము' అను పదమునకును ఇదియే గతి. అది నోరును అగును, మొగమును అగును. లాటినున 'కోరమ్' అనగా ఎదుట. ఇది ఓస్‌తో గూడి యేర్పడిన మాట. మన 'సమ్ముఖము' దీనికి అర్థమున సరిజోడు. సిగ్గులేని వానిని రోమనులు కఠినమైన ఓస్ గలవాడనిరి; మనవారు 'ఏ మొగము పెట్టుకొని వచ్చినాడు' అందురు. ఒకనిని మోసగించుటను ప్లాటస్ నాటకములలో 'అతని ఓస్‌నకు పూత పూయుట' యని చెప్పుదురు. మనకు 'మసిపూసి మారేడుకాయ చేయుట' కలదు. పూత రెంటను గలదు గాని, రోమనుల పూత మోసపోయినవాని మొగముపైన, మన పూత వస్తువుపైన. పోలికను చెప్పునప్పుడు భేదమును కూడ చెప్పవలెను.

రెండవ విస్తృతి నోటినుండి మాటకు. 'ఊనో ఓరే' అనగా 'ఒక్కనోట'. తెలుగు పలుకుబడి దీనికి అక్షరాలా సరిపోవుచున్నది. లోకులందఱి ఓస్‌లో నుండుట యనగా మనము 'పదిమంది నోళ్ళలో నానుట' యని చెప్పునదే. ప్రార్థించుట యను నర్థము గల 'ఓరో' యను ధాతువును వర్రో ఓస్ నుండి వచ్చినదని తలంచెను. ఆధునికులు దీనిని సందేహించుచున్నారు. సంస్కృతమున మాత్రము ఈ సంబంధము నిస్సందేహము, కాని దిక్కు తలక్రిందులు. అమరకోశము ముఖమునకు చెప్పిన ఏడు పర్యాయములలో వక్త్రము, వదనము, లపనము అనునవి పలుకుట యను నర్థము గల ధాతువులనుండి పుట్టినవి. రోమనులు నోటితో మాటకు పేరిడిరి. మన పూర్వులు మాటతో నోటికి పేరిడిరి.

మూడవ విస్తృతి నోటినుండి రంధ్రమునకును ద్వారమునకును. ఓస్ నుండి 'ఓస్తియుమ్' పుట్టినది. దానికి ద్వారమనియు, నది సముద్రమున గలియు చోటనియు నర్థములు. టైబరు నది సముద్రమున గలియుచోట నున్న రోము రేవునకు 'ఓస్తియా' అని పేరు వచ్చుటకు ఇదియే హేతువు. ద్వారపాలకుడు 'ఓస్తియారియుస్', ఆంగ్లమున 'అషర్' అను మాట ఫ్రెంచి మీదుగా దీనినుండియే దిగినది. తెలుగున కోస్తా జాలరులు ఏరు కడలిని గలియుచోటును 'మొగ' యందురు, ఇది ముఖశబ్దభవము. 'మొగసాల'యు నట్టిదే. పత్రికలు నేడు వ్రాయు 'ముఖద్వార'మున నోరును వాకిలియు రెండును జేరియున్నవి.

ఇవిగాక అల్పార్థమున 'ఓస్కులుమ్' కలదు. అనగా చిన్న నోరు, రూఢిచే ముద్దు.

4. వాయి : మఱుగుపడిన మాట

ద్రావిడభాషలలో నోటికి ప్రాచీనమైన మాట తమిళమున 'వాయ్', కన్నడమున 'బాయి', తెలుగున 'వాయి'. తమిళ కన్నడములలో నది నేటికిని జీవించియుండగా, తెలుగున 'నోరు' దాని స్థానము నాక్రమించినది. ఓస్‌నకు బుక్కా వలన గలిగిన గతి, వాయికి నోటివలన గలిగినదని చెప్పవచ్చును. కాని పదము నశించినను దాని అవశేషములు సమాసములలోను, పలుకుబళ్ళలోను దాగియుండును. బిల్లసర్గపు మట్టిలో ఎముకలవలె ఇవియు పొరలలో నున్నవి. ఏ పొరలో నేది దొరకినదో గుర్తింపవలెను.

కావ్యభాషలో పెదవికి 'వాతెర' యని పేరు. అనగా నోటికి తెర. 'వాయి' సప్తమ్యర్థమున 'వాత' యగును. ప్రమాదవార్తలు వ్రాయు విలేకరి ప్రతిదినము 'మృత్యువాత పడిరి' అని వ్రాయుచున్నాడు. అందలి 'వాత' కాల్చి పెట్టిన వాత కాదు. మృత్యువు నోట బడిరని యర్థము. పశువులను గూర్చి పల్లెలలో 'నోరువాయి లేనివి' అని జాలిపడుదురు. ఇచ్చట క్రొత్తమాటయు పాతమాటయు పర్యాయములుగా జతగూడినవి. రెండవది యొంటరిగా నిలువలేక మొదటిదాని నీడను బ్రతుకుచున్నది. 'వాపోవు' అనుదానియందలి 'వా' కూడ నోటికి సంబంధించినదే యని చెప్పవచ్చును. ఇడ్డెనలను 'ఒక వాయి, రెండు వాయలు' అని లెక్కించు వాడుకకు, తిరుగలి నోటిలో నొకమారు పోయు గింజలను జెప్పు 'వాయి'యే మూలమై యుండునని తలచుట కవకాశము గలదు. దీనిని మేము ఊహగనే చెప్పుచున్నాము.

ఆయుధపు అంచునకు కావ్యములలో 'వాదర' యని పేరు. కన్నడమున 'బాయ్ధారె' దీనికి సరిజోడు. కత్తి కొఱుకును, మ్రింగును. కనుక దాని అంచు నోరైనది.

5. వాకిలి

వాయి యొక్క అవశేషములలో మిక్కిలి బలమైనది 'వాకిలి'. తమిళమున 'వాయిల్', కన్నడమున 'బాగిల్'. వాయి, ఇల్లు అను రెండు మాటలు గూడి యిది యేర్పడినదనియు, ఇంటికి నోరని దీని యర్థమనియు చెప్పుదురు. ఇచ్చట నొక యాక్షేపము కలుగును. ఇంటి నోరన్నప్పుడు ఇల్లు ముందును, నోరు వెనుకను రావలెను గదా. తమిళ వైయాకరణులు ఈ యాక్షేపమును పూర్వమే గుర్తించి, 'ఇల్‌వాయ్' అనవలసినది 'వాయిల్' అని తాఱుమాఱై సాధువుగా నిలిచినదని చెప్పిరి. దీనితోబాటు వారు చూపు మఱియొక యుదాహరణము 'మున్‌ఱిల్'; అనగా ఇంటి ముందు. అదియే మన 'ముంగిలి'.

తెలుగున ఈ యచ్చులో పోసిన మాటలు మూడు గలవు : లోగిలి, ముంగిలి, వాకిలి. లోపలి ఇల్లు లోగిలి. ఇంటి ముందరిది ముంగిలి. ఇంటి నోరు వాకిలి. ముంగిట, వాకిట అను రూపములును ఒకే తీరున నడచుచున్నవి. ఈ మూటిని జేర్చి చూచినప్పుడు 'వాకిలి' యందలి కకారము వాయి శబ్దమునకు జెందినది కాదనియు, లోగిలి ముంగిలులలోని గకారమువలె సంధిస్థానమున బొడమినదనియు తోచును. ఒంటరిగా చూచిన మాట సందేహము కలిగించును; వరుసలో నిలిపిన మాట సాక్ష్యము చెప్పును.

ఇక వాడుక. కోస్తా ప్రాంతమున వాకిలి యనగా ఇంటిముందరి చోటు. వాకిట ముగ్గు పెట్టుదురు. రాయలసీమలో వాకిలి యనగా తలుపే. 'వాకిలి తీయి', 'వాకిలి వేసుకో' అని నిత్యవ్యవహారము. బేతంచెర్ల బండ పఱచిన గడపపై నిలిచి సీమవాసి 'వాకిలి మూయి' అన్నచో, అతడు చెప్పునది ముంగిటిని గాదు, కదలు చెక్కను. ఈ రెండర్థములలో నేది సాధువు అని యడుగుట వృథా. మొదటి యర్థము ఇంటి నోరు, అనగా లోనికి వెలుపలికి నడుమనున్న సందు. కోస్తావారు ఆ సందునుండి వెలుపలికి నడచి ముంగిటికి జేర్చిరి. సీమవారు ఆ సందునందే నిలిచి, దానిని మూయుదానికి ఆ పేరిచ్చిరి. నోరు తెఱచుట, నోరు మూయుట అను క్రియలు వాకిలికిని సరిపోవుటచే సీమవాడుక మూలభావమునకు దూరము కాలేదు. దీనిని మాండలికదోషమని దిద్దుట పదచరిత్రను చెఱపివేయుటయే.

ఓస్ నుండి ఓస్తియుమ్, వాయి నుండి వాకిలి : ఈ సామ్యము ఆశ్చర్యకరము. ఊరి పేరును గూర్చి కూడ పోలిక గలదు. రోము రేవునకు ద్వారవాచకమునుండి ఓస్తియా యని పేరు వచ్చినట్లే, తిరుమలకు గడప యగుటచే కడపకు ఆ పేరు వచ్చినదని సీమలో ప్రసిద్ధి. 1820లో ఆ కడపకు ఉద్యోగియై వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను, 1852లో వెలువడిన తన నిఘంటువున కావ్యపదములతోబాటు వాడుకమాటలకును తావిచ్చెను. ఆ దృష్టి నేటి పరిశోధకునకును అనుసరణీయము.

6. నోరు

లాటినున ఓస్ ఒక్కటియే మోసిన బరువును తెలుగు పలుమాటలకు పంచియిచ్చినది. మొగమునకు మొగము, ద్వారమునకు వాకిలి, కడవకును కుండకును మూతి. నోటికి మిగిలినవి ముఖ్యముగా రెండు పనులు : తిండి, మాట. అందుచే నోటి లక్ష్యార్థములు ఈ రెండు కొమ్మలుగా సాగినవి.

మాట కొమ్మన 'నోరు జాఱుట', 'నోరు మెదపకుండుట', 'నోటి దురుసు', 'నోరు పాఱవైచుకొనుట' మొదలగునవి గలవు. నోరు మంచిదైన ఊరు మంచిదను సామెతలో నోరనగా మాటతీరు. తిండి కొమ్మన 'నోరూఱుట', 'నోటికాడి కూడు', 'నోట మన్ను కొట్టుట' గలవు. వర్షాధారమున కొఱ్ఱ, జొన్న పండించు సీమలో ఈ రెండవ కొమ్మకు ప్రత్యేకమైన బరువు గలదు. 'చేతికి వచ్చినది నోటికి రాలేదు' అను మాట కంకి దశలో వాన వెనుదీసిన చేనిని జూచి పుట్టినదన్నను తప్పు గాదు. 1876-78 నాటి కఱవు ఈ ప్రాంతమును బాధించిన తీరు నెఱిగినవారికి అది అలంకారముగా దోచదు. అచ్చట వాచ్యార్థమును లక్ష్యార్థమును ఎంతో దగ్గఱగా నున్నవి.

ఒకే పలుకుబడి ప్రత్యయభేదముచే రెండు విధముల నడచుటయు గలదు. 'పద్యము నోటికి వచ్చును' అనగా కంఠస్థమై యున్నది. 'నోటికి వచ్చినట్లు' అన్నచో దూషణము. 'నోరు కట్టుకొనుట' పథ్యము. 'నోరు కట్టివేయుట' మాటాడనీయకుండుట. తనకై చేసికొన్నప్పుడు తిండి కొమ్మ, పరులకు చేసినప్పుడు మాట కొమ్మ.

వాచ్యమేదో లక్ష్యమేదో నిర్ణయించుటకు విద్యార్థులకు సులభమైన పరీక్ష నొకదానిని సూచించెదము. అవయవమునకు జెందిన విశేషణమును జేర్చి చూడవలెను. 'ఎండిన నోరు కడుగుకొనెను' అను వాక్యము నిలుచును. 'ఎండిన నోరు జాఱెను' అనునది నిలువదు. విశేషణమును సహింపని చోట నోరు అవయవము కాదు, పలుకుబడిలోని భాగము.

7. మూడు విధముల సామ్యము

పైని చూపిన పోలికలన్నియు ఒక్క జాతివి కావు. మొదటిది జ్ఞాతిత్వము. ఓస్, ఆస్యము అనునవి అర్థమునను ధ్వనులందును నియతముగా సరిపోవుచున్నవి. ఒస్, అస్థి వానికి తోడుసాక్ష్యము. రెండవది సమాంతరసృష్టి. ఓస్తియుమ్, వాకిలి అను మాటల ధ్వనులకు సంబంధములేదు, భావమునకు మాత్రమే కలదు. ఇంటికి నోరుండునను తలంపు ఇటలీలోను దక్షిణాపథమునను వేర్వేఱుగ పుట్టినది. 'ఊనో ఓరే', 'ఒక్కనోట' అనునవియు నిట్టివే.

మూడవది అనువాదమువలన వచ్చినది. హీబ్రూ భాషలో కత్తి యంచును కత్తి నోరందురు. లాటిను బైబిలు దీనిని మాటకు మాటగా 'ఇన్ ఓరే గ్లాదియీ' అని తెచ్చుకొన్నది. తెలుగు బైబిలున 'కత్తివాత' యని యున్నది. ఇది పరభాషనుండి వచ్చిన పలుకుబడియే గాని తెలుగు చెవికి ఎన్నడును పరాయిగా దోచలేదు. వాదరయు, మృత్యువాతయు ముందే యుండుటచే, వచ్చిన అతిథికి ఇంట చోటు సిద్ధముగా నుండెను. మూల తెలియనివాడు దీనిని దేశ్యమనును. మూలము మాత్రమే తెలిసినవాడు దీనిని ఎరువనును. రెండును సగము నిజములు.

8. ఫలితములు

ఇంతవఱకు చేసిన విచారణవలన మూడు విషయములు తేలుచున్నవి. అర్థసామ్యము జ్ఞాతిత్వమునకు ప్రమాణము కాదు. ధ్వనినియమము తోడైననే అది ప్రమాణమగును. వ్యవహారమున నశించిన పదము సమాసములలోను జంటమాటలలోను జీవించును. కనుక నిఘంటుకారుడు ఒంటరిపదములనే గాక పలుకుబళ్ళను సేకరింపవలెను. ప్రాంతీయార్థము శిష్టార్థమునకు చెడురూపము కాదు. ఒకే మూలమునుండి చీలిన మఱియొక త్రోవ.

ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి పక్షమున భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదించిన మాండలిక వృత్తిపదకోశము, వ్యవసాయపదములతో 1962లో వెలువడి, ఇట్టి సేకరణకు మార్గము చూపినది. బేతంచెర్ల బండగనులలో పనిచేయువారు రాతి పొరకును, పగులునకును, అంచునకును వాడు మాటలను ఆ పద్ధతినే విని వ్రాసికొనుట పరిశోధక విద్యార్థులకు తగిన పని. యంత్రములు చేతిపని స్థానమును పొందిన కొలది, ఆ పనితో బుట్టిన మాటలు వాయి శబ్దమువలెనే మఱుగుపడును. ఉపాధ్యాయులు సీమ పిల్లవాని 'వాకిలి'ని ఎఱ్ఱసిరాతో కొట్టివేయుటకు మాఱుగా, అది ఇంటి నోరని తరగతిలో వివరించిరేని, పదచరిత్రలో తొలిపాఠము అతని యింటనే మొదలగును.